జ్వరమని రాసిన మంగళవారం

మొన్న ఆదివారం మా వీధి చివర ఉండే ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ కాలేజీలో కొత్తగా లెక్చరర్ ఉద్యోగం వచ్చిందట. చేరి నెల తిరగకముందే ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ పని కూడా నెత్తిన పెట్టారట. "మేడమ్, మీరు ఎన్నో ఏండ్లు వార్డెన్‌గ చేసిండ్రు గద, ఏదన్న జరగరానిది జరిగితే ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి, రాసుకుంట" అని నోటుబుక్కు తెరిచి కూర్చుంది. చెబుదామని నోరు తెరిచాను. లేచి వెళ్ళి టీ పెట్టాను. వానల గురించి, బస్సుల గురించి ఏదేదో మాట్లాడాను. పాపం, ఆ పిల్ల ఖాళీ నోటుబుక్కుతోనే వెళ్ళిపోయింది.

ఆ నోటుబుక్కులోకే ఇది రాస్తున్నాను. ఏ ఏడు ప్రమోషన్ వచ్చింది, ఏ బదిలీ ఎలా ఆగింది అన్న సంగతులు ఇందులో ఉండవు, అవి నాకే సరిగా గుర్తులేవు. గుర్తున్నవి కొన్ని ముఖాలు, కొన్ని తప్పులు. అందులో ఒక తప్పు పెద్దది, అది కూడా మంచి చేస్తున్నానని గట్టిగా నమ్మి చేసింది. చదివాక ఏం చెయ్యాలో స్పష్టంగా తెలుస్తుందని మాత్రం హామీ ఇవ్వలేను. ఇన్నేళ్ళు గడిచినా నా బుర్రలోనే ఇది తేలలేదు.

గుత్తి, రిజిస్టరు

నేను వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. డెబ్బైల చివర్లో ఉద్యోగంలో చేరాను. కాలేజీ పేరు, ఊరి పేరు రాయను. ఖమ్మం నుంచి భద్రాచలం వైపు పోతుంటే పొలాలు పలచబడి అడవి మొదలయ్యే చోట ఎక్కడో ఉండేదనుకోండి. కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల పిల్లలు, బొగ్గుబాయిల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, అడవి ఊళ్ళ పిల్లలు, అందరూ అక్కడే చదివేవాళ్ళు. స్టాఫ్‌లో ఆడవాళ్ళం ఇద్దరమే. రెండో ఆవిడ చంకలో పసిబిడ్డ. కాబట్టి వార్డెన్ నేనయ్యాను. నా అర్హత అంతే.

హాస్టలంటే ఒక కిరాయి ఇల్లు, ఇరవై ఎనిమిది మంది ఆడపిల్లలు, కొమరమ్మ అనే ఆయమ్మ. వంట ఆమే, కాపలా ఆమే, అవసరమైనప్పుడు నాకు అక్షింతలు వేసేదీ ఆమే.

నాకంటే ముందు వార్డెన్‌గా చేసిన తెలుగు మేడమ్ శాంతమ్మగారు రిటైరవుతూ నాకు తాళంచెవుల గుత్తి, ఒక పొడవాటి రిజిస్టరు అప్పగించారు. ఏ పిల్ల ఎప్పుడు బయటికి పోయింది, ఎప్పుడు వచ్చింది, ఎందుకు పోయింది అందులో రాయాలి. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన మాట ఇది: "కారణం గడిలో ఎప్పుడూ జ్వరమనే రాయమ్మా. బెంగపెట్టుకుని ఇంటికి పోయినా జ్వరమే. పెళ్ళిచూపులున్నా జ్వరమే. ఎవడో ఉత్తరం రాశాడని నాన్న వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయినా జ్వరమే. రేపు ఎవరి కళ్ళబడినా పిల్లకు మాట రాకూడదు." అదెంత గొప్ప ఆలోచనో అనుకున్నాను. ఏళ్ళ తరబడి బుద్ధిగా పాటించాను.

ఒకసారి వానాకాలంలో మలేరియా ఆఫీసు నుంచి ఒకాయన సైకిలు మీద వచ్చాడు. అడవి పక్క ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి జ్వరమున్నవాళ్ళ వేలు పొడిచి, గాజు పలక మీద రక్తం చుక్క తీసుకుని పోవడం ఆయన పని. ఆయన నా రిజిస్టరు తిరగేసి కళ్ళు పెద్దవి చేశాడు. "ఏంది మేడమ్, ఏ గూడెంల లేనన్ని జ్వరాలు మీ హాస్టల్లనే ఉన్నయ్?" అన్నాడు. ఇరవై ఎనిమిది మందినీ వరసగా నిలబెట్టి వేళ్ళు పొడిచాడు. పిల్లలు ఒకటే కేకలు. వారం తర్వాత వచ్చి "ఒక్కరికి గూడ లేదు మేడమ్, మీ పిల్లలు ఉక్కుముక్కలు" అని పోయాడు. ఈ కథ నేను స్టాఫ్‌రూములో చేతులు తిప్పుతూ చెబితే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

మంగళవారం

ఎనభైల మధ్యలో, ప్రాక్టికల్ పరీక్షల ముందు సెలవులు. పిల్లలు చాలామంది ఇళ్ళకు పోయారు. మిగిలింది ఐదుగురు. ఆ మంగళవారం పొద్దున్నే నలుగురు భద్రాచలం గుడికని బస్సెక్కారు. ఉండిపోయిన ఐదో అమ్మాయి విజయ. అది అసలు పేరు కాదు. పందొమ్మిదేళ్ళ పిల్ల, బీయస్సీ రెండో సంవత్సరం, ఇల్లెందు వైపు బొగ్గుబాయిలో పనిచేసే మల్లయ్య పెద్దకూతురు. మాటకు మాట అప్పజెప్పేది. నా క్లాసులో హెర్బేరియం ఆమె చేసినంత బాగా ఎవరూ చేసేవాళ్ళు కాదు. హెర్బేరియమంటే, అడవిలో తెచ్చిన మొక్కను ఒత్తి ఆరబెట్టి అట్ట మీద అంటించి, కింద లేబుల్ రాయాలి: ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఏ వేళ, సేకరించింది ఎవరు. "లేబుల్ తప్పు రాశారో, అది ఎంత మంచి మొక్కయినా ఎండుగడ్డే" అని నేను క్లాసులో వందసార్లు చెప్పి ఉంటాను.

మధ్యాహ్నం మూడున్నరప్పుడు నేను వరండాలో పేపర్లు దిద్దుతున్నాను. విజయ గేటు తీసుకుని వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు.

"ఏంటే, చెప్పు తెగిందా?" అన్నాను.

ఆమె మెట్టు మీద నిలబడింది. "రికార్డు మీద సంతకం పెడ్త రమ్మన్నడు మేడమ్, కెమిస్ట్రీ సారు. ల్యాబ్‌ల ఎవ్వలు లేరు. తలుపు పెట్టిండు." ఆ తర్వాత జరిగింది నేలకేసి చూస్తూ రెండు ముక్కల్లో చెప్పింది. నాకు అర్థమైంది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న: "ఎవరైనా చూశారా?"

ఒంట్లో ఎలా ఉందని అడగాలని కూడా తోచలేదు. ఆమె లేదన్నట్టు తల ఊపితే, హమ్మయ్య అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అనుకున్న మాట అనుకున్నట్టే రాయాలి.

"ప్రిన్సిపాల్ సారుకు చెప్దామా మేడమ్?" అని ఆమే అడిగింది. "ముందు ఇంటికి పో. తర్వాత చూద్దాం. ఎవరి దగ్గరా నోరు విప్పకు" అన్నాను. దవాఖానాకు కూడా తీసుకుపోలేదు. అక్కడ డాక్టరమ్మ కాగితం మీద రాస్తుంది, ఆ కాగితం పోలీసుల దాకా పోతుంది, పిల్ల పేరు ఊరంతా తిరుగుతుంది. నా తలలో తిరిగిందల్లా ఆ కాగితం భయమే.

ఆ భయంతోనే లోపలికి వెళ్ళి రిజిస్టరు తెరిచాను. మంగళవారం, విజయ, ఇంటికి వెళ్ళిన వేళ ఉదయం పది గంటలు, కారణం జ్వరం. అప్పటికి సాయంత్రం నాలుగైంది. పది అని ఎందుకు రాశానంటే, పొద్దున్నే వెళ్ళిపోయిన పిల్ల మధ్యాహ్నం ల్యాబులో ఉందని ఎవరూ అనుకోరు కదా. ఏ పుకారు పుట్టినా ఈ గడి అడ్డుపడుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పక్కన నిలబడ్డ కొమరమ్మతో "విజయ పొద్దున పదింటికే పోయింది, ఎవరడిగినా అదే చెప్పు" అన్నాను.

కొమరమ్మ నన్ను తేరిపార చూసింది. "గదేంది మేడమ్? పగటి అన్నం నా చేత్తోనే పెట్టిన గద ఆమెకు."

"నీకు తెలియదులే. ఇది పిల్ల మంచికే."

"అవ్, నాకు రాతలు తెల్వయ్" అని ఊరుకుంది. తన చెప్పులు విడిచి విజయ కాళ్ళకు తొడిగింది. ఐదింటి ఇల్లెందు బస్సులో ఆ పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఇంటిదాకా దింపి వచ్చింది. రానూపోనూ ఆమెవి ఉత్త కాళ్ళే.

కమిటీ

విజయ ఇక రాదనుకున్నాను. రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. పన్నెండో రోజున తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది.

మల్లయ్య నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. "మీరు నా బిడ్డెను పైలంగ ఇంటికి తోలిండ్రు మేడమ్" అన్నాడు. ఆ దండం ముందు ఎలా నిలబడ్డానో నాకే తెలియదు. "నేను లొల్లి చెయ్య. టేషన్ల చుట్టు తిరుగుదమంటె నాకు డ్యూటీ ఉంటది. గని నా బిడ్డె సదువు ఆగొద్దు. ఆయన ముందర నిలబడి పరీక్ష రాయదు ఆమె. ఆయన్నన్న పంపుండ్రి, ఈమె పరీక్ష ఇంకోకాడన్న పెట్టియ్యుండ్రి. పెద్దోళ్ళు, మీరే తేల్చాలె."

విజయ చేతిలో ఒకటిన్నర పేజీల ఫిర్యాదు ఉంది. తనే రాసుకొచ్చింది. పైన కుడివైపు రోజు, వేళ, చోటు, కింద తన పేరు. హెర్బేరియం లేబుల్ ఎలా రాసేదో అచ్చం అలాగే రాసింది. అది చూడగానే నా రిజిస్టరు గుర్తొచ్చింది.

మా ప్రిన్సిపాల్ గారు చెడ్డ మనిషేమీ కాదు. గులాబీ మొక్కలంటే ప్రాణం, గొడవలంటే భయం. "ఆ అమ్మాయి బాధ అర్థమవుతుందండీ. ఆయనేమో ఇద్దరు పిల్లల తండ్రి. నాకేమీ పాలుపోవడం లేదు" అని తల పట్టుకున్నారు. నిబంధనల పుస్తకం తెచ్చి ఇద్దరం వెతికాం. పరీక్షలో చిట్టీలు పెట్టిన పిల్లాణ్ణి ఏం చేయాలో పేజీలకు పేజీలు ఉంది. దీనికి ఒక్క వాక్యం లేదు. చివరికి ఆయన, ఇద్దరు సీనియర్ లెక్చరర్లు, ఆడమనిషి ఉండాలి కాబట్టి నేను, నలుగురం కమిటీ అన్నారు. సాక్షిని నేనే, తీర్పు చెప్పేదాన్నీ నేనే. అది తప్పని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నాం. విజయకు కుర్చీ వేయలేదు. ఆమె గోడ పక్కన నిలబడింది. కెమిస్ట్రీ సారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి అందరికీ నమస్కారం పెట్టి కూర్చున్నాడు. గొంతు ఎంతో నెమ్మది. "ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదండి, చిన్నపిల్ల. ఎవరో వెనకుండి రాయించారు. ఆ రోజు తను ల్యాబుకే రాలేదు. ఊళ్ళోనే లేదు. నా మాటెందుకండీ, మేడమ్ గారి రిజిస్టరు తెప్పించండి."

ఆ రోజు గడిలో నేనేం రాశానో ఆయనకు ఎలా తెలిసిందో ఈనాటికీ తెలియదు. అటెండరు తెచ్చాడు. ప్రిన్సిపాల్ గారు పైకి చదివారు: "ఉదయం పది గంటలు. కారణం జ్వరం." తర్వాత కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "ఇది మీ రాతేనాండీ?"

విజయ నావైపు చూసింది. భయపడుతున్నట్టు లేదు. మేడమ్ చెప్తుంది కదా అని నిమ్మళంగా చూసింది.

"నా రాతే" అన్నాను. అక్కడితో ఆగిపోయాను.

ఎందుకు ఆగిపోయాను? ఉద్యోగం పోతుందనా? ఆ భయం ఉంది. తప్పుడు రాత రాసినదాన్నని నలుగురిలో ఒప్పుకోవడానికి సిగ్గా? అదీ ఉంది. ఇంకో వింత ఆలోచన కూడా వచ్చింది. ఆమె ఆ రోజు అక్కడ లేదని తేలితే ఆమెకు ఏమీ జరగనట్టే కదా, పేరు నిలుస్తుంది కదా, అని. ఎంత తలతిక్క ఆలోచనో మీకు కనిపిస్తూనే ఉంది. ఆ గదిలో, ఆ కుర్చీలో నాకు కనిపించలేదు. వీటిలో ఏది ఎక్కువ పనిచేసిందో ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలదు.

విజయ గట్టిగా కూడా అనలేదు. "మేడమ్, నేను ఆ రోజు ఈడ లేనా?" అంది.

నేను రిజిస్టరు మూసి అటెండరుకు అందించాను. మూడో రోజు మళ్ళీ కూర్చుందామని అందరూ లేచారు.

హాస్టల్‌కు వస్తే కొమరమ్మ కంచం నా ముందు పెట్టి అవతలికి పోయేది. రెండో రోజు ఇక ఆగలేక "నన్ను పిలువుండ్రి, నేను జెప్త. నాకు రాత రాదు గని నోరున్నది" అంది. మూడో రోజు మళ్ళీ కమిటీ కూర్చుంటే ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ వాక్యం అబద్ధమని, సాయంత్రం నాలుగింటికి నేనే కావాలని అలా రాశానని, ఒక్క చెప్పుతో వచ్చిన పిల్లను నా కళ్ళతో చూశానని, ఆమె చెప్పింది విన్నానని చెప్పాను.

సీనియర్ లెక్చరర్లలో ఒకాయన ముందుకు వంగాడు. "అయితే మేడమ్, ఈ రిజిస్టర్ల ఇంకెన్ని జ్వరాలు ఉత్తయే?"

"చాలా" అన్నాను.

"ఓహో, మలేరియా ఆయనకు ఒక్కటి గూడ దొరకకపోయింది అందుకేనా!" అని నవ్వాడు. రెండో ఆయనా నవ్వాడు. కెమిస్ట్రీ సారు కూడా మర్యాదగా చిరునవ్వు నవ్వాడు. ఆ కథ వాళ్ళకు చెప్పింది నేనే. రోజూ అబద్ధం రాసే మనిషి ఈ రోజు మాత్రం నిజం చెబుతోందని ఎలా నమ్మాలి అని అడిగారు. నిజానికి మంచి ప్రశ్నే.

కొమరమ్మ అన్నం పెట్టిన సంగతి చెప్పింది. "ఆయమ్మకు తేదీలూ వారాలూ ఏం గుర్తుంటాయండీ" అన్నారు ప్రిన్సిపాల్ గారు, ఎవరినీ నొప్పించని గొంతుతో.

"తేదీలు నాకు గుర్తుండయ్ సారూ" అంది కొమరమ్మ. "ఒక్క చెప్పుతోని వచ్చిన బిడ్డె గుర్తుంటది."

ఆ మాట కూడా కాగితం మీదికి ఎక్కలేదు. ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగనందున విషయాన్ని ఇంతటితో ముగిస్తున్నామని మూడు వాక్యాలు రాశారు. నేను సంతకం పెట్టనన్నాను. నా ఉద్యోగ జీవితంలో చేసిన ధైర్యం అదొక్కటే. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. ముగ్గురి సంతకాలతోనే ఫైలు మూసేశారు. తప్పుడు రాతకు నాకొక మెమో వచ్చింది. నా చేతిలో పడ్డప్పుడు, అది న్యాయమే అనిపించింది.

లడ్డు

ఏడాది చివర్లో కెమిస్ట్రీ సారు తనే అడిగి పెద్ద ఊళ్ళో కాలేజీకి బదిలీ చేయించుకున్నాడు. వీడ్కోలు సభ పెట్టారు. శాలువా కప్పారు. క్రమశిక్షణ గురించి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. లేచి పోవచ్చు కదా? పోలేదు. పంచిన లడ్డు చేతిలో పెడితే తీసుకున్నాను. తినలేదు, పారేయలేదు, సంచిలో వేసుకున్నాను. రెండు రోజుల తర్వాత సంచి నిండా చీమలు. ఆ రోజు నేను ఎవరి పక్షాన ఉన్నానని ఎవరైనా అడిగితే ఆ లడ్డు సంగతే చెప్పాలి.

విజయ ఆ ఏడు ప్రాక్టికల్స్ రాయలేదు. మరుసటి ఏడు ఖమ్మంలో రాయడానికి ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చాను. అక్కడే ఖానాపురం హవేలిలో మా చెల్లెలి ఇల్లుంది, పరీక్షలయ్యేదాకా అక్కడ ఉండమన్నాను.

"మీవోళ్ళ ఇంట్ల ఉండ మేడమ్" అంది. "మీరు మంచోళ్ళే. గని మీ మంచితనం నాకు వద్దు."

ఇల్లెందు నుంచి రోజూ బస్సులో వచ్చి రాసిపోయింది. ఏడాది ఆలస్యంగా డిగ్రీ చేతికందుకుంది. కాలేజీ ఆమెకు సాయం చేసిందని చెప్పుకోవడానికి నేను తెచ్చిన అనుమతి కాగితం ఒకటి ఫైల్లో ఉంది. ఆమెకు అండగా నిలిచింది మాత్రం మల్లయ్య, కొమరమ్మ.

రెండో తప్పు

ఇక నుంచి అబద్ధం అక్షరం కూడా రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రిజిస్టర్లో జ్వరాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి.

తొంభైల మొదట్లో మరో అమ్మాయి నా గదికి వచ్చింది. భద్రాచలం అవతలి అడవి ఊరి నుంచి డిగ్రీకి వచ్చిన పిల్ల. సీనియర్ విద్యార్థి ఒకడు ఆమెను చెరిచాడు. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. కుర్చీ వేశాను. నీళ్ళిచ్చాను. ఎవరైనా చూశారా అని అడగలేదు. ఆమె చెబుతుంటే కార్బన్ కాగితం పెట్టి రెండు ప్రతులు రాశాను. రోజు, వేళ, చోటు, వాడి పేరు, ఒక్కటీ వదల్లేదు. రాస్తుంటే లోపల ఎక్కడో తృప్తిగా కూడా ఉంది, పాత తప్పు దిద్దుకుంటున్నానని. చివర కాగితం ఆమె ముందుకు జరిపి, "సంతకం పెట్టమ్మా" అన్నాను.

ఆమె కాగితం కేసి, నా కేసి చూసింది. "ఎవరు రాయమన్నరు మేడమ్? నేను మీకు చెప్పుకున్న. కాగితానికి చెప్పలే."

రెండు ప్రతులూ తీసుకుని ముక్కలు ముక్కలుగా చింపింది. మరునాడు పొద్దున బస్సెక్కింది. మళ్ళీ చదువుకు రాలేదు. ఊరికి మనిషిని పంపితే, నన్ను చూడనని చెప్పి పంపింది.

మొదటిసారి అడగకుండా దాచాను. రెండోసారి అడగకుండా రాశాను. అయితే అడిగితే సరిపోతుందా? ఆ పిల్ల రాయొద్దని చెబితే, నేను రాయకపోతే, ఆ సీనియర్ రేపు ఇంకో పిల్ల జోలికి పోతే? తెలియదు. నోటుబుక్కు అమ్మాయీ, నీకు గట్టిగా చెప్పగలిగినవి కొన్నే. ముందు కుర్చీ వెయ్యి. దవాఖానాకు పోదామా అని అడుగు, పోదామంటే చెయ్యి పట్టుకుని నువ్వే తీసుకుపో. నీ చేతిలో ఏముందో, ఏం లేదో దాచకుండా చెప్పు. ఏం కావాలో అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టు. నువ్వు సాక్షివైతే కమిటీలో కూర్చోకు. ఆమె మంచికే చేస్తున్నానని నీకు బాగా గట్టిగా అనిపించిందంటే, అక్కడ ఆగి కొమరమ్మ లాంటి మనిషిని ఒక మాట అడుగు. ఇంతకు మించి నాకు తెలిసింది లేదు.

పేజీ

పోయిన ఏడాది, నేను రిటైరైన కొద్ది నెలలకు, విజయ మా ఇంటికి వచ్చింది. నలభైకి దగ్గరపడింది. గోదావరి అవతల ఒక కాలేజీలో లెక్చరరట. హాస్టల్ కూడా ఆమె చేతిలోనే ఉందట. కూర్చోమంటే కూర్చుంది. టీ వద్దంది.

"పాత రిజిస్టర్ మీ కాడ ఉన్నదని కొమరమ్మ జెప్పింది. నా పేజీ చూస్త" అంది.

నిజమే. హాస్టల్ కొత్త ఇంటికి మారినప్పుడు పాత కాగితాలు చిత్తుకు వేస్తుంటే ఆ ఒక్కటి సంచిలో దాచి తెచ్చాను. కాలేజీది నేను దొంగిలించిన వస్తువు అదొక్కటే. బీరువాలోంచి తీసి ఇచ్చాను. ఆమె వెతుక్కోకుండానే ఆ పేజీ తీసి వాక్యం మీద వేలు పెట్టింది.

"మా దాంట్ల గూడ జ్వరాలే మేడమ్" అంది. "నాకంటె ముందున్నామె గిట్లనే రాసేదట. మొన్న ఒక స్టూడెంట్ వచ్చింది నా కాడికి. ఆమె చెప్తాంటె రిజిస్టర్ తీసిన. పెన్ను పట్టిన. ఏం రాయబోయిన్నో ఎరుకేనా? జ్వరం."

"రాశావా?"

"లే. పెన్ను పక్కకు పెట్టి, నీకేం కావాలె అని అడిగిన. ఏం చెప్పలే. ఆమె చెప్పేదాక నేను రాయ అన్న. ఆ గడి ఇంక ఖాళీగనే ఉన్నది. మంచి చేసిన్నో చెడ్డ చేసిన్నో నాకు సమజైతలేదు మేడమ్. భయమైతుంది."

ఏదైనా చెబుతానేమో అని చూసింది. ఆనాడు ప్రిన్సిపాల్ గదిలో చూసినట్టే. "నాకూ తెలియదు విజయా" అన్నాను. ఈసారి నిజమే చెప్పాను. ఆమె తల ఊపింది.

"ఈ పేజీ చింపేద్దామా?" అని అడిగాను.

"వద్దు. చింపితె నేను ఆ రోజు ఎక్కడా లేనట్టే అయితది. మీరు రాసిండ్రు, మీరే దిద్దుండ్రి."

"ఏమని రాయను?"

"లేబుల్ మీద ఏం రాయాల్నో మీరే గద నేర్పింది."

పెన్ను తీసుకున్నాను. పాత వాక్యం కొట్టేయొద్దంది, అది కూడా ఉండాలంది. దాని కిందనే రాశాను. ఇక్కడ విజయ అంటున్నాను, అక్కడ ఆమె అసలు పేరే రాశాను. ఆమె పక్కన నిలబడి ఒక్కో మాట చూసింది.

"మంగళవారం. విజయ. మధ్యాహ్నం హాస్టల్లో అన్నం తిని కాలేజీ ల్యాబుకు వెళ్ళింది. మూడున్నరకు ఒక్క చెప్పుతో తిరిగివచ్చింది. కెమిస్ట్రీ లెక్చరర్ తనకు చేసింది నాతో చెప్పింది. నేను నమ్మాను. చూసినవాళ్ళు: కొమరమ్మ, నేను. పై వాక్యం అబద్ధం, రాసింది నేనే. ఆమె ఆ రోజు ఇక్కడే ఉంది. ఆమెకు జ్వరం లేదు."